జుల్మ్‌కు తెలుగేమిటి?

"యే మస్జిద్‌ఇచ్ హై నా, సాబ్?"

బేగంపేటలో స్పానిష్ మస్జిద్ గేటు ముందు నిలబడి ఆ ముసలాయన మమ్మల్ని అడిగిన మొదటి మాట ఇది. అడగడంలో ఆయన తప్పేం లేదు. ఎక్కడా గుమ్మటం కనపడదు. మీనార్లు చర్చి గోపురాల్లా సూదిగా పైకి లేస్తాయి. కొత్తవాళ్లు చాలామంది దాన్ని చర్చే అనుకుని పోతారు. ఇక్బాలుద్దౌలా సర్ వికారుల్ ఉమ్రా అనే పైగా నవాబు స్పెయిన్ దేశం పోయి, అక్కడి కోర్డోబా మస్జిద్ చూసి మనసు పారేసుకుని, తిరిగొచ్చి మొదలుపెట్టిన కట్టడమది. ఆయన పోయాక 1906లో పూర్తయింది.

"హౌ చాచా, మస్జిదే" అన్నాం. ఆయన చెప్పులు విడిచి లోపలికి పోయి జుహర్ నమాజు చేసుకుని వచ్చారు. బయటికొచ్చాక తల ఎత్తి పైకప్పు వంక చాలాసేపు చూశారు. ఎందుకు చూశారో మాకు ఆ రోజు తెలియలేదు.

అది 2021 మార్చి. జమ్మూలో నూటయాభై మందికి పైగా రోహింగ్యాలను పట్టుకుని హీరానగర్ జైలులో పెట్టారన్న వార్త అప్పుడే వచ్చింది. ఈ చాచా ఉండేది బాలాపూర్ దగ్గర గుడిసెల్లో. కొడుకు ఆధార్ కార్డు తీసుకున్నాడని కేసయ్యి లోపల ఉన్నాడు. శిక్ష అయిపోయినా, బెయిలు దొరికినా, అటునుంచటే బర్మాకు పంపుతారేమోనని ఇంటిల్లిపాదికీ భయం. అట్లా పంపొద్దని పిటిషన్ వేయడానికి ఒక వకీలు ఒప్పుకున్నాడు. మంచివాడే, ఫీజు కూడా అడగలేదు. కానీ ఆయనకు ఉర్దూ రాదు. చాచాకు తెలుగు రాదు. హైదరాబాదులో తొమ్మిదేళ్లుగా నేర్చుకున్న ఉర్దూ ఒకటే ఉంది. మధ్యన నిలబడే మనిషి కావాలి. ఉర్దూలో విని తెలుగులో రాసి తిండి తినేవాళ్లం గనుక మమ్మల్ని పిలిచారు.

ఇక్కడొక మాట. ఈ వ్యాసమంతా 'మేం' అనే రాస్తున్నాం. రాసేది ఒక్కడైతే మేం ఏమిటని అడగకండి. మాలో ఎవడో ఒకడు ఎక్కడో ఏదో చేస్తే జవాబు అందరినీ కలిపే అడుగుతారు. జవాబు చెప్పేటప్పుడు మేం అయినవాళ్లం కథ చెప్పేటప్పుడు నేను ఎట్లా అవుతాం?

వకీలు గది చిన్నది. ఫ్యాను గాలికి కాయితాలు ఎగరకుండా వాటి మీద లా పుస్తకాలు పెట్టాడు. "మతం కారణంగా వీళ్లను అక్కడ పీడించారని అఫిడవిట్‌లో గట్టిగా రావాలి. అడగండి, ఎప్పుడు కొట్టారు? ఎంతమంది వచ్చారు? మతం పేరెత్తి తిట్టారా?"

మేం ఉర్దూ చేసి అడిగాం. చాచా మౌంగ్డా దగ్గరి ఒక పల్లెలో మువజ్జిన్‌గా ఉండేవాడు. అయిదుపూటలా అజాన్ ఇచ్చిన గొంతు, మెల్లగా మాట్లాడినా గది నిండుతుంది. ఆయన ఏం చెప్పాడు? మస్జిద్ కప్పు కురిసేదన్నాడు. రెండు రేకులు మార్చుకోవడానికి ఇజాజత్ అడిగితే ఇవ్వలేదన్నాడు. ఇజాజత్ లేకుండా మారిస్తే కట్టిందంతా పీకించేవారన్నాడు. వానాకాలం వస్తే మస్జిద్‌లో ఏ మూల తడవదో చూసుకుని అక్కడ సఫ్ కట్టేవాళ్లమన్నాడు. పక్క ఊరికి పోవాలంటే చీటీ. నికాహ్‌కు చీటీ, దానికి లంచం. ఏడాదికోసారి ఇంట్లోవాళ్లందర్నీ వరసగా నిలబెట్టి ఫొటో తీసి లెక్క సరిచూసేవారట. ఆ ఫొటోలో లేనివాడు ఇంట్లో ఉండకూడదు, ఉన్నవాడు కనపడకుండా పోకూడదు.

"మారే క్యా చాచా?" అని మళ్లీ అడిగాం.

"మారే నై. బస్, జుల్మ్ థా."

మా కలం ఆగింది. ఇరవయ్యేళ్లుగా పత్రికలో పనిచేస్తున్నాం. ఉర్దూ నుంచి తెలుగులోకి ఎన్ని వేల మాటలు మోశామో లెక్కలేదు. జుల్మ్‌కు తెలుగేమిటి? హింస అంటే రక్తం చూపించమంటారు. వేధింపు అంటే పత్రికల్లో వరకట్నం వార్త అయిపోతుంది. దౌర్జన్యం అంటే ఒక రోజు జరిగేది, మర్నాటికి అయిపోతుంది. పీడన అంటే పుస్తకాల మాట, మువజ్జిన్ నోట్లో అది ఇమడదు. ముప్ఫయ్యేళ్లు కప్పు కింద తడుస్తూ నమాజు చేయడాన్ని ఏమంటారు?

"పీడన అని రాశాం" అన్నాం వకీలుతో.

"దేనికి? రేకులు మార్చుకోనివ్వనందుకా?" అన్నాడాయన. వెటకారం కాదు, బాధే. "సార్, ఇది ఇబ్బంది. కోర్టులో ఇబ్బంది నిలబడదు. పెద్ద సంఘటన ఏదైనా కావాలి."

ఉంది. 2012 జూన్‌లో అల్లర్లయినప్పుడు చాచా తమ్ముణ్ని సరిహద్దు బలగం నసాకా వాళ్లు పట్టుకుపోయారు. మళ్లీ రాలేదు. ఆ మాట చెప్పడానికి ఆయనకు గంటన్నర పట్టింది. చెప్పాక వకీలు తల ఊపి రాసుకున్నాడు. అఫిడవిట్ దాని చుట్టూ తయారైంది. కప్పు సంగతి పోయింది.

వకీలును తప్పు పట్టడానికి లేదు. 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయాభిప్రాయం అని అయిదు కారణాలున్నాయి. వాటిలో ఏదో ఒకదాని వల్ల పీడనకు గురవుతామన్న భయం, ఆ భయానికి ఆధారం చూపించాలి. అయితే మన దేశం ఆ ఒప్పందం మీద సంతకమే చేయలేదు, 1967 ప్రోటోకాల్ మీదా చేయలేదు. 1946 నాటి విదేశీయుల చట్టంలో శరణార్థి అన్న మాటే లేదు. దాని స్థానంలో 2025 సెప్టెంబరు 1న అమలుకొచ్చిన కొత్త చట్టంలోనూ ఆ మాటకు నిర్వచనం లేదు. ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ విచారించి కార్డు ఇస్తుంది. కాదంటే అప్పీలు కూడా ఆ సంస్థకే. మరి ఆ కార్డు సర్కారును కట్టిపడేస్తుందా అంటే, కట్టిపడేయదు. కాబట్టి కోర్టుకు పోయేవాడు 'నన్ను శరణార్థిగా ఒప్పుకోండి' అని అడగలేడు. 'నన్ను చావుకు పంపకండి' అని మాత్రమే అడగగలడు. రాజ్యాంగంలో దానికి ఒకే ఒక గుమ్మం, 21వ అధికరణం. బతికే హక్కు. అది పౌరుడికే అని రాయలేదు, మనిషికి అని రాశారు.

ఆ గుమ్మం నుంచి లోపలికి పోయినవాళ్లున్నారు. అరుణాచల్‌లో చక్మాలను వెళ్లగొడతామని బెదిరిస్తున్నప్పుడు, 1996లో సుప్రీంకోర్టు వాళ్ల ప్రాణాలను కాపాడే బాధ్యత రాష్ట్రానిదే అంది. 1998లో ఇద్దరు ఇరాకీలను వెనక్కి పంపే విషయంలో గుజరాత్ హైకోర్టు, ప్రాణభయం ఉన్న చోటికి తిరిగి పంపకూడదన్న సూత్రం 21లోనే ఇమిడి ఉందని చెప్పింది. మా వకీలు ఈ రెండింటినీ దస్తీలో కట్టుకున్న చిల్లరలా దగ్గర పెట్టుకున్నాడు.

అసలు పెద్ద కేసు ఢిల్లీలో ఉంది. 2017 ఆగస్టులో కేంద్ర హోంశాఖ రోహింగ్యాలను గుర్తించి పంపేయమని రాష్ట్రాలకు రాసింది. అదే నెల 25 తర్వాత బర్మా సైన్యం ఊళ్లకు ఊళ్లే తగలబెడితే ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోకి పరుగెత్తారు. ఇక్కడున్న ఇద్దరు రోహింగ్యాలు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. సలీముల్లా కేసు అంటారు దాన్ని. ఆ కేసు నడుస్తుండగానే 2018 అక్టోబరు 4న అస్సాం నుంచి ఏడుగుర్ని సరిహద్దు దాటించారు. ఆ పొద్దున ఆపమని అడిగితే కోర్టు కలగజేసుకోలేదు. 2021లో జమ్మూవాళ్ల కోసం మళ్లీ అడిగారు.

ఏప్రిల్ 8న ఆదేశం వచ్చింది. ఆ సాయంత్రం డెస్కు మీద ఉన్నది మేమే. ఏజెన్సీ కాపీ వచ్చింది, అనువదించాం. అందులో రెండు సంగతులున్నాయి. 14, 21 అధికరణాలు మనుషులందరివీ, నిజమే. కానీ వెళ్లగొట్టకుండా ఉండే హక్కు, ఈ దేశంలో నివసించే హక్కుకు అనుబంధం, అది 19వ అధికరణం కింద పౌరులకే ఉంది అని ఒకటి. పద్ధతి ప్రకారం తప్ప వాళ్లను పంపకూడదు అని రెండోది. హెడ్డింగులో రెండింటికీ చోటు లేదు. మొదటిదే పెట్టాం. చోటు కలిసొస్తుందని 'రోహింగ్యా చొరబాటుదారులు' అన్నాం. ఎవరూ చెప్పలేదు అట్లా పెట్టమని. ఆ మాట మా చేతికి అలవాటైపోయింది, అంతే. 1971లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లను తెలుగు పత్రికలు కాందిశీకులు అన్నాయి. ఎంత పాతబడ్డ మాటైనా అందులో దిక్కులేనితనం ఉండేది, కాస్త జాలి ఉండేది. ఆ మాట ఎప్పుడు పోయిందో, ఈ మాట ఎప్పుడొచ్చి కూచుందో డెస్కు మీద ఉన్న మాకే తెలియదు.

(ఆదేశం వచ్చిన నెల తిరక్కుండానే, మే 3న మణిపూర్ హైకోర్టు బర్మా నుంచి పారిపోయి వచ్చిన ఏడుగురిని, అందులో జర్నలిస్టులు కూడా ఉన్నారు, ఢిల్లీ పోయి ఐక్యరాజ్యసమితి దగ్గర రక్షణ అడుక్కోనివ్వమంది. వెనక్కి పంపకూడదన్న సూత్రం 21లో ఉందని మళ్లీ చెప్పింది. ఆ వార్తకు మా పత్రికలో రెండు అంగుళాలు దొరికాయి.)

వారం తర్వాత అఫిడవిట్ మీద వేలిముద్ర కోసం బాలాపూర్ పోయాం. చాచా మనవరాలు సర్కారు బడిలో తెలుగు మీడియం చదువుతోంది, నాలుగో తరగతి. గుడిసెలో తడికెకు గాలి రాకుండా పాత పేపర్లు అంటించారు. వాటి మీద ఒకటి మా పేపరే. ఆ పిల్ల చదువు చూపించాలని ఉత్సాహపడి వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. "చొ... ర... బా... టు... దా... రు. అంకుల్, అంటే ఏంది?"

మేం ఏం చెప్పాం? "పాత మాటమ్మా, పరీక్షలో రాదు" అన్నాం. ఇంతకంటే పచ్చిగా మేం ఎప్పుడూ అబద్ధమాడలేదు.

ఇంటికొచ్చి అబ్బా ట్రంకుపెట్టె తెరిచాం. అడుగున ఒక పోలీసు నోటీసు ఉంది, 1956 నాటిది, మా బడే అబ్బా పేరు మీద. 1948 పోలీసు యాక్షన్ తర్వాత, పద్దెనిమిదేళ్లు నిండకుండానే, ఎవరో కరాచీ పోతుంటే వెంట పోయాడు. ఎనిమిదేళ్లకు తల్లిని చూడాలనిపించి వచ్చాడు. రావాలంటే పాస్‌పోర్టు కావాలి, దొరికేది పాకిస్తాన్‌దే. వచ్చాడు, దాదీమా మంచం పక్కన కూచున్నాడు, వీసా తేదీ దాటింది. నోటీసు వచ్చింది. ఇక్కడ పుట్టినవాడు, ఇక్కడే ఖత్నా అయినవాడు, రసూల్‌పురా గల్లీల్లో గోలీలాడినవాడు విదేశీయుడు. భయపడి వెళ్లిపోయాడు. దాదీమా జనాజాకు లేడు.

ఇట్లాంటివాళ్ల కేసులు మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు పోయాయి. 1962లో రెండు తీర్పులొచ్చాయి. పరదేశం పాస్‌పోర్టు తీసుకుంటే ఆ దేశ పౌరసత్వం కోరి తీసుకున్నట్టే లెక్క అన్న నియమం చెల్లుతుందని ఒకటి. అయితే ఆ సంగతి కేంద్ర సర్కారు ముందు తేల్చాలి, తేల్చకుండా రాష్ట్రం తనంతట తాను మనిషిని విదేశీయుడని వెళ్లగొట్టడానికి లేదని రెండోది. ఈ రెండో దాంట్లో అప్పీలుకు పోయింది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. అదే 'పద్ధతి ప్రకారం' అన్న మాట. అరవయ్యేళ్ల కింద కూడా మనిషికీ సరిహద్దుకూ మధ్య అడ్డంగా నిలబడింది అదొక్కటే. బడే అబ్బా ఆరేళ్లు ఆగలేకపోయాడు. ఆగివుంటే కనీసం పద్ధతయినా దక్కేది.

అంటే ఈ కథ బాలాపూర్‌ది మాత్రమే కాదు, మా ట్రంకుపెట్టెలోదీ. 2020 ఫిబ్రవరిలో హైదరాబాదులో 127 మందికి ఆధార్ సంస్థ నుంచి నోటీసులొచ్చాయి. తప్పుడు కాయితాలతో కార్డు తీసుకున్నట్టుంది, అసలు కాయితాలతో వచ్చి పౌరులమని రుజువు చేసుకోండి అని. ఆధార్‌కూ పౌరసత్వానికీ సంబంధం లేదని తర్వాత ఆ సంస్థే వివరణ ఇచ్చింది. కానీ ఆ వారం పాతబస్తీలో జిరాక్సు దుకాణాల ముందు లైన్లు మేం చూశాం. అంతకు రెండు నెలల కిందే, 2019 డిసెంబరులో, పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. మూడు దేశాల నుంచి మతపీడన తప్పించుకుని వచ్చినవాళ్లకు దారి సులువు చేశారు. హిందువు, సిక్కు, బౌద్ధుడు, జైనుడు, పార్సీ, క్రైస్తవుడు. మేం ఆ వరసను ఎన్నోసార్లు చదివాం. వాళ్లకిచ్చినందుకు మాకు ఏడుపు లేదు. కరాచీ నుంచి గుడి పోయి వచ్చినవాడి బాధ బాధే. పాకిస్తాన్‌లో అహ్మదీయ మస్జిద్ మీనార్లు కూలగొడితే అది మతపీడన కాదా? మౌంగ్డాలో రేకు మార్చనివ్వకపోతే కాదా? 2020 మార్చి 16న తెలంగాణ అసెంబ్లీ ఆ చట్టాన్ని వద్దని తీర్మానం చేసింది. 2024 మార్చి 11న కేంద్రం నియమాలు తెచ్చింది.

మా పిల్లల సంగతీ చెప్పాలి. స్పానిష్ మస్జిద్ కట్టించిన నవాబుదే బేగంపేటలోని పైగా ప్యాలెస్. 2008 నుంచి 2023 దాకా అందులో అమెరికా కాన్సులేటు ఉండేది. తెల్లవారుజామున ఆ గోడ పొడవునా వీసా కోసం నిలబడ్డ మా పిల్లల్ని ఎంతమందిని చూశామో. చదువుకని పోయినవాళ్లే నూటికి తొంభైమంది. ఎప్పుడైనా ఒకడు అక్కడ ఆశ్రయం అడుగుతాడు. ఇమిగ్రేషన్ జడ్జి కాదంటే అప్పీళ్ల బోర్డు, అదీ కాదంటే ఫెడరల్ కోర్టు. మెట్లయితే ఉన్నాయి. కానీ భారతదేశం నుంచి వచ్చినవాడికి ఆ మెట్ల మీద తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: మీ దేశం పెద్దది కదా, నీ ఊళ్లో బతకలేకపోతే ఇంకో ఊరు పోయి ఉండొచ్చు కదా? మా దూరపు బంధువు ఒకతను ఆ ప్రశ్న దగ్గర ఓడిపోయాడు. ఫోనులో మమ్మల్నే అడిగాడు: "క్యా బోల్తే భాయ్, ఏ ఊరు పోవాలో వాళ్లకు చెప్పాల్సింది కదా?" మేం నవ్వాం. నవ్వి, గతేడాది మేం కిరాయి ఇంటికోసం తిరిగిన గల్లీలు యాదికొచ్చి ఊరుకున్నాం. పేరు చెప్పేదాకా ఖాళీగా ఉన్న ఇల్లు, పేరు చెప్పగానే ఎవరో చుట్టానికి ఇచ్చేసినట్టయ్యేది. దీన్ని మేం జుల్మ్ అనం. అంటే నవ్వుతారు. వకీలు మాటే నిజం, ఇది ఇబ్బంది. ఎన్ని ఇబ్బందులు కలిస్తే ఒక జుల్మ్ అవుతుందో ఏ చట్టంలోనూ కొలత లేదు.

స్పెయిన్‌లో మాత్రం కొలతలుండేవట. 1492లో గ్రెనడా పడిపోయాక మిగిలినవాళ్లకు బలవంతంగా బాప్తిస్మం ఇచ్చారు. ఇచ్చాక కూడా నమ్మలేదు. పంది మాంసం తింటున్నాడా, మరీ ఎక్కువగా స్నానం చేస్తున్నాడా అని విచారణలు. చివరికి 1609 నుంచి ఓడలెక్కించి సముద్రం దాటించారు. మా నవాబు కోర్డోబా కమానులు చూసొచ్చాడు గానీ, ఆ ఓడల సంగతి మాకెవరూ చెప్పలేదు. మేమే పుస్తకాల్లో చదువుకున్నాం. 2025 మే నెలలో ఢిల్లీ నుంచి పట్టుకుపోయిన 43 మంది రోహింగ్యాలను నౌకలో తీసుకుపోయి బర్మా తీరం దగ్గర నీళ్లలో దించేశారన్న ఫిర్యాదు సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు ఆ పుస్తకం మళ్లీ తీశాం. ఆధారాలేవని కోర్టు అడిగింది. 16న, పంపడాన్ని ఆపుతూ ఆదేశం ఇవ్వడానికి ఒప్పుకోలేదు. సముద్రంలో ఈదినవాడు ఆధారం ఏ జేబులో పెట్టుకుంటాడు? జూలై 31న అదే కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలను వరసగా రాసుకుంది. వీళ్లు శరణార్థులా, అక్రమంగా వచ్చినవాళ్లా అన్నది మొదటిది. 2017లో వేసిన పిటిషన్‌కు మొదటి ప్రశ్న స్థిరపడడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

చాచా కొడుకు బెయిలు మీద బయటికొచ్చాడు. ఠాణాకు పోయి సంతకం పెట్టి వస్తుంటాడు. పిటిషన్ వాయిదాల మీద ఉంది. వాయిదా అంటే మాకు విసుగు, వాళ్లకు మాత్రం వాయిదా పడ్డ ప్రతిసారీ ఇంకొన్నాళ్లు.

మొన్న చాచా మళ్లీ బేగంపేట వచ్చారు, మనవరాలిని వెంటబెట్టుకుని. ఆ పిల్ల ఇప్పుడు తెలుగు గడగడా చదువుతుంది. వకీలు గదిలో మేం తెలుగులో రాసిన కాయితాల నకలు కావాలన్నారు. మనవరాలు చదివి వినిపిస్తుందట, తన మాటలు ఎట్లా రాశారో వినాలట. మస్జిద్ మెట్ల మీద కూచున్నాం. పిల్ల చదువుతోంది, చదివింది చదివినట్టు ఆయనకు ఉర్దూలో చెబుతోంది. తమ్ముణ్ని పట్టుకుపోయిన చోట ఆయన కళ్లు మూసుకున్నారు. చివరిదాకా విన్నారు.

"ఛత్ కీ బాత్ కహాఁ గయీ?" అన్నారు.

కప్పు సంగతి ఎక్కడ పోయిందో మేం ఏం చెబుతాం. కోర్టుకు అది సరిపోదన్నారని చెప్పాం. ఆయన అర్థమైనట్టు తల ఊపి, తల ఎత్తి స్పానిష్ మస్జిద్ పైకప్పు వంక మళ్లీ చూశారు. ఎక్కడా చెమ్మ లేదు. పిల్ల తన బడి సంచిలోంచి పెన్సిలు తీసి మా చేతికిచ్చింది. కాయితం అంచున ఖాళీ ఉంది. మేం రాయడం మొదలుపెట్టాం, వానాకాలంలో మస్జిద్‌లో ఏ మూల తడవదో అక్కడ సఫ్ కట్టేవాళ్లమని. జుల్మ్ దగ్గరికొచ్చేసరికి పెన్సిలు ఆగింది. "అదే రాయండి అంకుల్" అంది పిల్ల. తెలుగు అక్షరాల్లో జుల్మ్ అనే రాశాం.